అభ్యంతరములేవియు రాలేదు

పదకొండింటికల్లా ఎర్రమంజిల్‌లో ఉండాలి. ఇప్పుడు పదీ అయిదు. మైత్రీవనం దగ్గర ఎక్కిన బస్సు నాలుగు బారలు కదిలి ఆగింది, డ్రైవరు ఇంజను కూడా ఆపేశాడంటే ఇప్పట్లో కదిలే ఉద్దేశం లేదన్నమాట. నయం, కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో మా యూనివర్సిటీ డిస్పాచ్ రిజిస్టరు, అంటే ఆఫీసు నుంచి బయటికి పోయే ప్రతి కాగితానికీ నంబరూ తేదీ వేసి రాసుకునే పుస్తకం, ఆ పుస్తకం మధ్యలో టైపు కొట్టిన కాగితం ఒకటి, కాగితం అడుగున నా పేరు, పేరు పైన ఖాళీ. వీరవెంకటసత్యనారాయణ, సెక్షన్ ఆఫీసరు. ఇంత పొడుగు పేరు పెట్టిన మా నాన్న దీన్ని రోజుకి వందసార్లు సంతకం పెట్టాల్సి వస్తుందని ఆలోచించినట్టు లేదు, అందుకే వీ.వీ. అని గీకి ఒక తోక లాగుతాను, ఆ తోక చూసి అది నాదని అటెండర్లు కూడా చెప్పేస్తారు. విచారణాధికారి ఎదురుగా ఆ ఖాళీలో ఆ తోక లాగాలి, అంతే పని. కాగితంలో ఉన్నది రెండే వాక్యాలు. ‘విద్యార్థుల ప్రవర్తనా నియమావళి ముసాయిదాను ముప్పది దినములపాటు అన్ని విభాగముల నోటీసు బోర్డులయందు ఉంచడమైనది. అభ్యంతరములేవియు రాలేదు.’ రెండో వాక్యం నూటికి నూరుపాళ్లు నిజం. ఎలా వస్తాయి అభ్యంతరాలు, ఆ ముసాయిదా నా టేబులు సొరుగులోంచి బయటికి వస్తే కదా.

పొద్దున దుర్గాంబ ఉప్మా వడ్డిస్తూ, “ఏంటండీ ఆ మొహం, ఉరికంబం ఎక్కబోతున్నట్టు? సంతకం పెట్టి వచ్చేయండి. నాలుగంటే నాలుగు నెలలు నోరు మూసుకుంటే దండేసి, శాలువా కప్పి, కారులో ఇంటిదాకా దిగబెడతారు. ఈ వయసులో మీకెందుకండీ ఈ లేనిపోని గొడవ” అంది. నోరు మూసుకోవడం నాకు కొత్త విద్యా? ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఇరవై మూడేళ్లు అదే పని మీద ఉన్నాను. ఆమె భయం ఆమెది. రిటైరయ్యే ముందు ఛార్జిమెమో వస్తే ఏమవుతుందో ఆమెకి నాకంటే బాగా తెలుసు, పై వాటాలో సుబ్బారావు గారింట్లో చూసింది, ఆరేళ్లుగా ఆయన ఆగిపోయిన పింఛను కోసం ఏ ఆఫీసు మెట్లెక్కినా ‘ఫైలు పైకి పోయింది’ అనే మాటే. దుర్గాంబ గుమ్మం దాకా వచ్చి, వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మంది. కరివేపాకు, సంతకం, రెండూ ఒకే ఊపిరిలో చెప్పింది. కోపం వచ్చింది గానీ ఎవరి మీదో తెలియలేదు.

కిటికీలోంచి గొడుగేసుకున్న ఒకావిడ పచ్చరంగు కాగితం నా ఒళ్లోకి తోసింది. ముప్ఫై రోజుల్లో ఒరాకిల్, నూటికి నూరుశాతం ప్లేస్‌మెంట్. యాభై ఎనిమిదేళ్లు నిండబోతున్నవాణ్ణి, నాకెందుకమ్మా అనేలోపు వెనక సీటాయనకీ ఒకటి ఇచ్చేసి పక్క బస్సు దగ్గరికి పోయింది. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే అది నిన్న కట్టిన గోడై ఉండాలి. స్తంభాలకీ, చెట్లకీ, ట్రాన్స్‌ఫార్మరుకీ కాగితాలే, జావా, డాట్‌నెట్, శాప్, లేడీస్ హాస్టలు, ఆంధ్రా మెస్సు, మూలశంక. సంబంధిత అధికారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి ఎవడు తీసుకున్నాడు? ఎవడూ తీసుకోలేదు, ఎవరి నోటికొచ్చింది వాళ్లు అంటించుకున్నారు, ఎవడి నోరూ నొక్కలేదు. మా నోటీసు బోర్డుకేమో తలుపులు, తలుపులకి తాళం, తాళంచెవి నా దగ్గర. ఎంత గడుసుదనం, తాళంచెవి నా దగ్గర పెట్టుకుని, అభ్యంతరాలు రాలేదని నేనే రాశాను. సన్నగా వాన మొదలైంది, అద్దం దించబోతే అది కిందికి రానని మొరాయించింది, సంచిని పొట్టకి ఆనించుకుని కూర్చున్నాను.

ఆ అమ్మాయి పేరు దివ్యశ్రీ. ఎంసీఏ ఆఖరి సంవత్సరం, క్యాంపస్ సెలెక్షన్లలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తీసుకుంది. మార్చిలో లేడీస్ హాస్టల్లో పిల్లలకి వరసగా పచ్చకామెర్లు వచ్చాయి, తాగే నీళ్ల సంపులోకి ఎక్కడిదో మురుగు దిగుతోందని పిల్లలు వారం రోజులు వార్డెనుకి కాగితాలు పెట్టారు, ఆ కాగితాలు ఏమయ్యాయో నన్నడిగితే చెబుతాను, ఏమీ కాలేదు, ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడొచ్చింది టీవీ వాళ్ల వ్యాను. ఈ మధ్య తెలుగులో కూడా రోజంతా వార్తలే కదా, వాళ్లకీ ఏదో ఒకటి కావాలి. మైకు ఎవరి ముందు పెట్టినా వెనక్కి జరుగుతున్నారు, ఈ పిల్ల జరగలేదు. స్టీలు గ్లాసులో పసుపుపచ్చ నీళ్లు పట్టుకుని మాట్లాడింది. మా ఇంట్లో కూడా చూశాం. “పందొమ్మిది మందికి పచ్చకామెర్లయినయి సార్. వారం నుంచి చెప్తున్నం, ఎవ్వరు పట్టించుకుంటలేరు. మా వీసీ సారును జర గీ నీళ్లు ఒక్క గ్లాసు తాగి చూపెట్టమనుండ్రి, మేం సుత తాగుతం.” దుర్గాంబ పక్కున నవ్వి, ఎంత ధైర్యమండీ పిల్లకి అంది. నేనూ నవ్వాను. మూడోరోజు ఫైలు నా టేబులు మీదికొచ్చేదాకా ఆ నవ్వు ఉంది. నియమావళిలో సంబంధిత అధికారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే పత్రికలకీ, ప్రసార సాధనాలకీ ఏమీ చెప్పరాదనే పదిహేడో నియమం కింద ఏడాదిపాటు సస్పెన్షను, ప్రవర్తన ధ్రువపత్రం నిలుపుదల. ఆ ఉత్తర్వు రాసిందీ నేనే, అంటే వాళ్లు చెప్పారు, నేను రాశాను, నా చెయ్యి అలా అలవాటైపోయింది. ఆ ధ్రువపత్రం వచ్చే సోమవారంలోగా ఇవ్వకపోతే కంపెనీ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తుందట. ఆ పిల్ల కోర్టుకెక్కితే, ఆ నియమం అసలు సక్రమంగా చేశారో లేదో వారంలో తేల్చమని కోర్టువారు ఒక విచారణాధికారిని వేశారు. సక్రమంగా అంటే ఏమిటి, పిల్లలకి ముప్ఫై రోజులు ముందు చూపించడమే. చూపిస్తే నియమం నిలుస్తుంది, పిల్ల పోతుంది. చూపించకపోతే పిల్ల నిలుస్తుంది, నేను పోతాను. లెక్కల్లో నేను మొదటినుంచీ మందమే గానీ ఈ లెక్క మాత్రం వెంటనే అర్థమైంది.

బస్సు కదిలింది. కదిలి అమీర్‌పేట చౌరస్తా దాటి, మళ్లీ ఆగింది. ముందు ఫ్లైఓవర్ పనులు, రోడ్డు సగం రేకులతో కప్పేశారు. పదీ ఇరవై రెండు. కండక్టరు ఫుట్‌బోర్డు మీదికి వంగి చూసి, “పంజగుట్ట దాకా గిట్లనే ఉంది భాయ్, ఫికర్ చేస్తే ఏమొస్తది, కూసోండ్రి” అన్నాడు. ఈ ఊళ్లో పది నిమిషాల దూరం ఎప్పుడు గంటైందో ఎవరూ గమనించలేదు. ఖాళీ నంబర్ల సంగతి కూడా అంతే, అది ఎప్పుడు మొదలైందో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం రిజిస్టరు మూసేముందు ఆఖరి నంబరు తర్వాత ఇంకో రెండు మూడు నంబర్లు వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలేస్తాం. రేపో ఎల్లుండో ఏ పెద్దమనిషికో నిన్నటి తేదీతో ఉత్తరం అవసరం పడుతుంది, అప్పుడు ఆ ఖాళీలో రాసుకుంటాం. ఇది మోసమని మాలో ఎవరూ అనుకోరు, ముందుచూపు అనుకుంటారు. నాకు పని నేర్పిన సూపరింటెండెంటు గారు ఖాళీ లేని రిజిస్టరు, కిటికీ లేని ఇల్లు ఒకటేనోయ్ అనేవారు. ఎవరైనా ఖాళీ వదలకపోతే వాడికి ఇంకా పని రాలేదని లెక్క.

రెండేళ్ల కిందట జూలైలో రిజిస్ట్రారు హనుమత్ప్రసాద్ గారు పిలిచి, పిల్లలకి ప్రవర్తనా నియమావళి ఒకటి ఉండాలట, రెండ్రోజుల్లో రాసుకురండి అన్నారు. రెండ్రోజుల్లో రాయడానికి నేనేం స్మృతికర్తనా? మా దగ్గర ఏదైనా కొత్తది రాయడమంటే పాతది వెతకడం. బీరువాలో మా ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఉంది, తీసి టైపిస్టు మంజూషకిచ్చి, ‘ఉద్యోగి’ అని ఉన్నచోటల్లా ‘విద్యార్థి’ అని మార్చమ్మా అన్నాను. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే అన్నీ మారిపోయాయి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఎవరూ ఏమిటని అడగలేదు. ఇరవై నాలుగో నియమం ఎలా తయారైందో నేనూ చూసుకోలేదు. ‘ఏ విద్యార్థియు, తన భార్య జీవించియుండగా, సంస్థ అనుమతి లేనిదే రెండవ వివాహము చేసికొనరాదు.’ పాలకమండలిలో పద్దెనిమిది మంది పెద్దలు కూర్చుని, జీడిపప్పు తిని, దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇరవై ఆరోది, ప్రతి విద్యార్థీ తన స్థిరాస్తి వివరాలు ఏటా జనవరి నెలాఖరుకి సమర్పించాలి. రెండేళ్లలో ఒక్కడూ సమర్పించలేదు, మేమూ అడగలేదు. అందులో పనిచేసిన నియమం పదిహేడొక్కటే.

అయిదు కాపీలు తీశాం, అయిదు బోర్డులకి. బోర్డుల మీద అంటించే పని అటెండరు నర్సింహులుది, అతను బోనాలకని సెలవు పెట్టి ఊరెళ్లాడు. వచ్చాక ఇద్దామని సొరుగులో పెట్టాను, పైన ఇంకేవో కాగితాలు పడ్డాయి. ఆగస్టులో, పాలకమండలి రేపనగా, ఆ ముప్ఫై రోజుల తతంగం అయిందా అని రిజిస్ట్రారు గారు నడుస్తూ నడుస్తూ అడిగితే, అయిందండీ అన్నాను. నేను అనలేదు, నోరు అంది, పెద్దవాళ్లు నడుస్తూ అడిగితే ఆ నోటికి ఇంకో జవాబు రాదు. వెళ్లి జూలై తొమ్మిది దగ్గర ఖాళీ వెతికి, కాపీలు బోర్డులకి పంపినట్టు రాశాను. చుట్టుపక్కలంతా నల్లసిరా, ఆ ఒక్క వరస నీలం. నంబరు రెండువేల రెండువందల పదహారు. నర్సింహులు సొరుగు సర్దుతూ ఆ కాపీలు చూసి, “సార్, గీ కాగితాలు ఇంక ఈడనే ఉన్నయేంది? బోర్డుల మీద పెట్టాల్నా?” అని అడిగాడు కూడా. ఇప్పుడెందుకులేవయ్యా, టైమైపోయింది అన్నాను. టైము కాలేదు. పాలకమండలికి ఇంకా ఒక పగలూ రాత్రీ ఉంది.

పదీ ముప్ఫై అయిదు. సంచిలో సెల్లు మోగింది, కొడుకు కొనిపెట్టిన సెల్లు, చెవి దగ్గర పెట్టుకునేలోపు ఎప్పుడూ రెండు చోట్ల నొక్కుకుపోతుంది. హనుమత్ప్రసాద్ గారు. ఆయన గొంతు మెత్తగా ఉంటే నాకు భయం. “ఎక్కడున్నారు సత్యనారాయణ గారూ? ట్రాఫిక్కా? పర్లేదు, పర్లేదు. ఒక్క మాట. విచారణాధికారి గారు రిజిస్టరు తెమ్మన్నారు గానీ ఆవిడ అడక్కపోవచ్చు. అడిగితేనే బయటికి తీయండి. అడక్కపోతే సంచిలోనే ఉండనివ్వండి. మీ రిటైర్మెంటు ఫంక్షను నేనే దగ్గరుండి చేయిస్తాను.” సరేనండి అన్నాను. చూశావా, మళ్లీ అన్నాను. సెల్లు సంచిలో పడేస్తే రిజిస్టరు అట్ట మీద టక్కున చప్పుడైంది, పక్క సీటాయన నా వైపు చూశాడు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. చెమట పడుతోంది, వానలో చెమటేమిటి.

నిన్న సాయంత్రం ఆ పిల్ల తల్లి ఆఫీసుకొచ్చింది. రుద్రమ్మ, ఎర్రమంజిల్ క్వార్టర్లలో ఇస్త్రీ బండి పెట్టుకుని ఆఫీసర్ల బట్టలు చేస్తుందట, కుడిచేతి బొటనవేలు పక్కన కాలిన మచ్చలున్నాయి. ఎవరిని కలవాలో తెలియక ఎవరో నన్ను చూపిస్తే వచ్చింది, నేనెవరో తెలిసి రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. “సారూ, మా పిల్ల ఏం తప్పు మాట్లాడింది? నీళ్లు బాగలేవంటే బాగలేవన్నది. గంతే గద.” రూలుందమ్మా అన్నాను. “ఉంటే ఉండనీ సారూ. గా రూలు మాకెవ్వరు చెప్పలే. ముందుగాల చెప్తే నేనే దాని నోరు మూపిస్తుంటి. చెప్పకుంట పెట్టుకున్న రూలు మాకెట్ల ఎరుక?” ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను, అది ఏ ఫైలో కూడా చూడలేదు, అటెండర్ల సెలవుల ఫైలు. ఆమె “సారు పనిల ఉన్నట్టుండు” అని తనలో తాను అనుకుని వెళ్లిపోయింది. ముప్ఫై రోజులు నోటీసు ఇవ్వాలనే నియమం ఎందుకు పెట్టారో, ముప్ఫై మూడేళ్లు ఆఫీసులో ఉన్న నాకంటే ఇస్త్రీ చేసుకునే మనిషికి బాగా తెలిసింది.

బస్సు పంజగుట్ట ముందు పూర్తిగా నిలిచిపోయింది. పదీ నలభై. నడిస్తే పావుగంట, దిగిపోదామని లేచాను, నలుగురి కాళ్లు తొక్కుకుంటూ మెట్ల దాకా వచ్చి, దిగి, రేకుల పక్కన బురదలో రెండడుగులు వేసి, నా చేతులు ఖాళీగా ఉన్నాయని అప్పుడు చూసుకున్నాను. సంచి సీటు మీద వదిలేశాను. మరిచిపోయానా? ఒట్టేసి చెప్పలేను. లేచేటప్పుడు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టిన సంగతి నాకు తెలుసు, చెయ్యి తెలిసే పెట్టింది. ఇలా వదిలేసి నడిచిపోతే? బస్సులో పోయిందండీ, పోలీసు కంప్లయింటు ఇచ్చానండీ. రిజిస్టరు లేదు, నీలం సిరా లేదు, రెండువేల రెండువందల పదహారు లేదు. ఇంకో అడుగు వేశాను. ఆ అడుగు వేసిన మాట నిజం. వెనకనుంచి కండక్టరు కేక, “ఓ పెద్దాయనా! సంచి మర్చిపోయినవ్! గింత పెద్ద పుస్తకం ఎట్ల మర్చిపోతవే!” కిటికీలోంచి పక్క సీటాయన దాన్ని పసిపిల్లని అందించినట్టు రెండు చేతులా అందించాడు. థాంక్సండి అన్నాను. బస్సులో నలుగురు నవ్వారు.

నడుస్తున్నాను. సంచి బరువు ఇప్పుడు తెలుస్తోంది. అసలు నాకు పదిహేడో నియమం కంఠతా వచ్చు, ఉద్యోగుల పుస్తకంలోనూ దాని నంబరు పదిహేడే. ఎనభై మూడులో పేపరుకి ఒక ఉత్తరం రాశాను, మా లైబ్రరీలో పుస్తకాలకి చెదలు పట్టాయని, వర్షం వస్తే అటెండర్లు గోనెలు కప్పుతున్నారని. ఎంత సంబరపడ్డానో, అచ్చులో పూర్తి పేరు పడింది, వీరవెంకటసత్యనారాయణ, హైదరాబాదు. పేరు పొడుగని ఇందాక మా నాన్న మీద వేశాను గానీ, అప్పటిదాకా సంతకం కూడా పూర్తిగానే పెట్టేవాణ్ణి, ఎంత పొడుగైనా. నాలుగోరోజు మెమో. పదిహేడో నియమం ప్రకారము తమరిపై చర్య ఏల తీసికొనరాదో తెలుపవలెను. దుర్గాంబ కడుపుతో ఉంది, ఏడ్చింది. ‘అవగాహనారాహిత్యముచే’ అని మొదలుపెట్టి పూర్తి పేజీ క్షమాపణ రాశాను, ఇకముందు ఎన్నడూ ఇట్లు జరుగదని. జరగలేదు. ఆ తర్వాత నేను రాసినవన్నీ ఫైళ్లే, పెట్టినవన్నీ వీ.వీ. తోకలే. లైబ్రరీకి కప్పు వేశారు, అయిదేళ్ల తర్వాత, చెదలు పట్టగా మిగిలిన పుస్తకాలకి.

అలాంటివాణ్ణి, ఆ నియమం పిల్లల మీద ఎలా పెట్టాను? చూసుకోలేదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, దుర్గాంబకి చెప్పాను, దేవుడికి కూడా చెప్పుంటాను. ఈ ఎర్రమంజిల్ ఎత్తు ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది, ఆయాసంలో అబద్ధం చెప్పుకోవడం కష్టం. రెండో పెళ్లి నియమం చూసుకోలేదు, నిజం. స్థిరాస్తి చూసుకోలేదు, నిజం. పదిహేడు చూశాను. మంజూష స్క్రీను నా వైపు తిప్పి, “సార్, ఇది పిల్లలకి అవసరమా? వాళ్లేం ఉద్యోగులు కాదు కదా. తీసేయమంటారా?” అని అడిగింది. ఆ అమ్మాయి వేలు మీట మీద ఉంది, ఊఁ అంటే పోయేది. ఆ వారమే మా అబ్బాయి తారక్ నాలుగో ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చాడు. బీకాం చదివి, ఇదే అమీర్‌పేటలో మూడు కోర్సులు నేర్చుకుని, ప్రతి కంపెనీ గుమ్మం దాకా వెళ్లి ఇంగ్లీషు నోట రాక వెనక్కొచ్చేవాడు. ఆ సాయంత్రం వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఆఫీసులో కిటికీ అవతల ఎంసీఏ పిల్లలు, ఉద్యోగాలొచ్చాయని ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు, ఎంత నోరు, ఎంత భయం లేని నోరు. నాకు ఒళ్లు మండింది. నేను మూసుకోలేదా, మా వాడు నోరు పెగలక చావడంలేదా, వీళ్లకేం వచ్చింది? “ఉంచమ్మా, ముందునుంచీ ఉన్నదే” అన్నాను. తారక్ ఇప్పుడు కాల్‌సెంటర్లో బాగానే ఉన్నాడు, ఎవరితోనో రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు. ఆ నియమం అక్కడే ఉండిపోయింది. సిగ్గేస్తోంది. రోడ్డు పక్కన ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకున్నాను, ఆ గోడ మీద కూడా ముప్ఫై రోజుల్లో ఒరాకిల్.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా చేరాను. పాత ప్రభుత్వ భవనం, వరండాలో బెంచీ, బెంచీ మీద రుద్రమ్మ, పక్కన దివ్యశ్రీ. టీవీలో కనిపించినంత పొడుగు లేదు ఆ పిల్ల. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో కంపెనీ వాళ్ల కాగితం కాబోలు, వాన తగలకుండా రెండు మడతలు పెట్టింది. రుద్రమ్మ నన్ను చూసి గుర్తుపట్టి లేచి నిలబడింది, నేనేదో సాయం చేయడానికి వచ్చిన మనిషిననుకుని దండం పెట్టింది. ప్రతినమస్కారం పెట్టడానికి సంచి అడ్డొచ్చింది.

లోపల గది చిన్నది. విచారణాధికారి ఉదయలక్ష్మి గారు రిటైరైన జడ్జి, కళ్లజోడు ముక్కు చివర. ఒక పక్క హనుమత్ప్రసాద్ గారు, ఇంకో పక్క తల్లీ కూతుళ్లు. రిజిస్ట్రారు గారే నా కాగితం తీసుకుని బల్ల మీద పెట్టి, మూత తీసిన పెన్ను పక్కన పెట్టారు. ఎంత మర్యాద. ఆవిడ చదివి, “ఏమండీ సత్యనారాయణ గారూ, ఈ నియమావళి ముప్ఫై రోజులు బోర్డుల మీద ఉంది, అభ్యంతరాలేమీ రాలేదు. ఇది మీ మాటేనా? అయితే సంతకం పెట్టండి” అన్నారు. రిజిస్టరు అడగలేదు. హనుమత్ప్రసాద్ గారు చెప్పినట్టే, అడగలేదు. పెన్ను తీసుకున్నాను. ఖాళీ మీద పెట్టాను. సిరా చుక్క దిగింది. దుర్గాంబ, కరివేపాకు, పై వాటా సుబ్బారావు గారు, నాలుగంటే నాలుగు నెలలు. ఫ్యాను తిరుగుతోంది, కాగితం అంచు లేస్తోంది, ఆ అమ్మాయి నన్ను చూడటం లేదు, పెన్ను మొనని చూస్తోంది.

“మేడమ్, ఇరవై నాలుగోది ఒక్కసారి చదువుతారా?” అన్నాను. ఆ గొంతు నాదే, కానీ చాలా ఏళ్లైంది విని. రిజిస్ట్రారు గారు కుర్చీలో కదిలారు. ఆవిడ పేజీలు తిప్పి, పైకి చదివారు, తన భార్య జీవించియుండగా అనేదాకా వచ్చి ఆగి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటినుంచి చదివారు. దివ్యశ్రీ ఫక్కున నవ్వేసింది. “నవ్వకే, సప్పుడు జేయకు” అని తల్లి మోకాలి మీద తట్టింది, తట్టి తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇది ఎవరు రాశారండీ?” అన్నారు ఆవిడ.

“నేనేనండి.”

“చదివి రాశారా?”

“ఇది చదవలేదండి,” అన్నాను. “పదిహేడు మాత్రం చదివే రాశానండి.”

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. అప్పుడు చూసింది నా వైపు, సూటిగా, టీవీలో గ్లాసు పట్టుకుని చూసినట్టే. తిట్టినా బాగుండేది. సంచిలోంచి రిజిస్టరు తీసి, జూలై తొమ్మిది పేజీ తెరిచి, ఎవరూ అడక్కముందే ఆవిడ వైపు తిప్పి పెట్టాను, నీలం వరస మీద వేలు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు. హనుమత్ప్రసాద్ గారు, సత్యనారాయణ గారికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదండీ అన్నారు, మెత్తగానే. ఆవిడ ఆయన వైపు చూడకుండా సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందుకు జరిపి, చెప్పినదంతా రాసివ్వండి, రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా అన్నారు. తెలుసండి అన్నాను.

రాయడానికి పెద్దసేపు పట్టలేదు. సొరుగు, నర్సింహులు, నంబరు, మంజూష అడిగిన మాట, నేనన్న మాట. చివర ఒక వాక్యం చేర్చాను, అది ఎవరూ అడగలేదు. ‘పదిహేడవ నియమముపై అభ్యంతరము ఒకటి కలదు, అది నాది.’ సంతకం దగ్గరకి వచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ వీ.వీ. అని తోక లాగబోయింది. ఆపి, అక్షరం అక్షరం పూర్తిగా రాశాను, వీరవెంకటసత్యనారాయణ, వరస చాల్లేదు, ఆఖరి రెండక్షరాలు కిందికి దిగాయి. దాని పక్కన తేదీ వేశాను. ఈ రోజు తేదీయే.